కీళ్లవాతం ఉన్నవాళ్లు చేప, నూనె ఎలా మార్చుకోవాలి: ఒక కర్రీ పాయింట్ ఆవిడ అనుభవం

పాలకొల్లులో పదకొండేళ్లుగా కర్రీ పాయింట్ నడుపుతున్నాను. తెల్లారగట్ల నాలుగింటికి పొయ్యి వెలిగించాల్సిన మనిషిని. ఒక సంక్రాంతి వెళ్లాక వేళ్లు బిగుసుకుపోవడం మొదలైంది. గరిటె పట్టు చిక్కేది కాదు, పాలపాకెట్ చింపలేకపోయేదాన్ని. తొమ్మిదయితే గానీ చేతులు స్వాధీనంలోకి వచ్చేవి కావు. పరీక్షలు చేసి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే కీళ్ల లోపలి పొర మీద పడి వాపు తెప్పించే జబ్బు ఇది.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. రోజూ పరగడుపున రెండు చెంచాల కొబ్బరినూనె తాగితే వాతం పోతుందని చుట్టాల్లో ఒకాయన అన్నాడు. గోదారి దాటితే కోనసీమే, కొబ్బరికేం కరువు? మాత్రలు ఆపేసి ఆరు వారాలు తాగాను. మోకాళ్లు కూడా వాచాయి, పైగా కొలెస్ట్రాల్ పెరిగింది. కొబ్బరినూనెలో దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వే. పచ్చడిలో కొబ్బరి తినండి, మందులా మాత్రం తాగకండి. డాక్టరు ఇచ్చిన మాత్ర ఆపకండి. మెథోట్రెక్సేట్ ఇస్తే అది సాధారణంగా వారానికి ఒక్కరోజు వేసుకునే మాత్ర, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. నేను క్యాలెండర్‌లో ఆదివారాలకి సున్నా చుట్టుకుంటాను.

ఇక చేప. మన చెరువుల బొచ్చె, శీలావతి తవుడు, చెక్క మేసి పెరుగుతాయి. తినడానికి మంచివే గానీ, వాపు తగ్గడానికి మనకి కావాల్సిన ఒమేగా-3 కొవ్వు వాటిలో తక్కువ. అది కావాలంటే సముద్రపు కొవ్వు చేపలు కొనాలి: కవళ్లు, కానాగంతలు. పులసలోనూ దండిగా ఉంటుంది, కానీ పుస్తెలమ్మైనా పులస తినమన్నవాళ్లు వారానికి రెండుసార్లని చెప్పలేదు కదా. నేను వారానికి రెండు రోజులు కవళ్లు తెస్తాను.

ఈ కొవ్వు ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఓపిక వస్తుంది. మనం తినే కొవ్వుతోనే కణాల గోడలు తయారవుతాయి. ఆ గోడల్లో ఉండే అరాకిడోనిక్ ఆమ్లమనే ఒమేగా-6 కొవ్వు నుంచి ప్రోస్టాగ్లాండిన్లు పుడతాయి. వాపు, నొప్పి తెప్పించేవాటిలో అవీ ఉన్నాయి. మనం మింగే నొప్పి మాత్రలు అడ్డుకునేది వీటి తయారీనే. చేపలోని ఈపీఏ, డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వులు ఆ గోడల్లో చోటు సంపాదించుకుంటే పుట్టే పదార్థాల జోరు తగ్గుతుంది, వాపుని చల్లార్చే రిజాల్విన్లు కూడా తయారవుతాయి. గోడలు మారడానికి టైమ్ పడుతుంది కాబట్టి రెండు మూడు నెలల ముందు ఫలితం వెతకొద్దు. నేను పదో రోజునే విసుక్కున్నాను.

కవళ్లు వేపుడు చేయకండి, నూనె పీల్చేస్తాయి. చింతపండు పులుసు మరిగాక చేప వేసి, గరిటె పెట్టకుండా దాక పట్టుకుని తిప్పండి, పది నిమిషాల్లో దించేయండి. ఎండుచేపలో ఉప్పు ఎక్కువ, అప్పుడప్పుడూ చాలు. ఒక జాగ్రత్త: మీ నొప్పి యూరిక్ యాసిడ్ వల్ల వచ్చిన గౌట్ అయితే కవళ్లు దాన్ని పెంచుతాయి. అందుకే ముందు ఏ జబ్బో తేల్చుకోండి.

చేపనూనె క్యాప్సూల్స్ గురించి అందరూ అడుగుతారు. ఈ జబ్బు మీద జరిగిన పరీక్షల్లో నొప్పి, పొద్దుటి బిగుతు కొంత తగ్గింది రోజుకి సుమారు 3 గ్రాముల ఈపీఏ, డీహెచ్ఏ కలిపి ఇచ్చినప్పుడు. మామూలు 1000 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌లో అవి రెండూ కలిపి 300 మిల్లీగ్రాములే ఉంటాయి. అంటే రోజుకి పది మింగాలి! సీసా ముందు భాగం కాదు, వెనక చిన్న అక్షరాలు చదవండి. రక్తం పలచబడే మందు వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టొద్దు.

నూనె విషయంలో మా వ్యాపారమే నాకు బడి. సన్‌ఫ్లవర్ విషమని ఫోన్లలో మెసేజ్‌లు తిరుగుతున్నాయి. అందులో ఒమేగా-6 ఎక్కువే, కానీ మనుషుల మీద జరిగిన పరీక్షల్లో అది తిన్నంత మాత్రాన వాపు సూచికలు పెరగలేదు. నన్నడిగితే అసలు తంటా మూకుడులో మిగిలిన నల్ల నూనెతోనే. నిన్నటి బజ్జీల నూనెలో ఇవాళ అప్పడాలు వేయడం మా ఇంట్లో మానేశాం. డాల్డా కూడా తీసేశాం. అందులో ఉండే ట్రాన్స్ ఫ్యాట్ అనే చెడ్డ కొవ్వు 2 శాతం దాటకూడదని 2022 నుంచి దేశంలో నియమం ఉంది, అయినా నాకు దాంతో పనిలేదు. ముగ్గురికి నెలకి ఐదు లీటర్లు అయ్యే నూనె ఇప్పుడు రెండున్నరకి దిగింది. వేరుశనగ నూనె ఒక నెల, తవుడు నూనె ఒక నెల, ఆవకాయకి ఎప్పటిలాగే పప్పునూనె.

చేప తినని వాళ్లు అవిసె గింజలు వాడొచ్చు. (మన పెరట్లో అవిసె చెట్టు వేరు, కంగారుపడకండి.) దోరగా వేయించి ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లితో కారప్పొడి కొట్టుకోండి. అవిసెలోని ఒమేగా-3 ఒంట్లో చేప కొవ్వుగా మారేది కొద్దిగానే, కాబట్టి చేపతో సమానమని చెప్పను. వారానికి సరిపడానే చేసుకోండి, ఎక్కువ రోజులుంటే కనరు వాసన వస్తుంది.

వంకాయ, బంగాళాదుంప వాతమని మా అత్తయ్య నా కంచంలోంచి తీసేసేది. రెండు వారాలు మానేసి, మళ్లీ రెండు వారాలు తిని చూశాను. నాకు తేడా లేదు. మీకు తేడా ఉంటే మానేయండి. పొట్ట తగ్గడం మాత్రం పనిచేసింది, ఎందుకంటే అక్కడి కొవ్వు కూడా వాపు పెంచే పదార్థాలు వదులుతుంది. రాత్రి రెండోసారి అన్నం మానేసి ఏడాదిలో ఆరు కిలోలు తగ్గాను.

ఏ మార్పు చేసినా రాసుకోండి. నాకు సరుకుల పుస్తకం చివరి పేజీ చాలు: లేచాక వేళ్లు ఎన్ని నిమిషాలకి వదిలాయి, నొప్పి మాత్ర వేసుకున్నానా. మూడు నెలలకోసారి ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్పీ ఫలితాలు పక్కన రాస్తాను. మొదటి వరుసలో గంటన్నర అని ఉంది, మొన్న శుక్రవారం ఇరవై నిమిషాలు. అందులో మాత్ర వాటా ఎంతో కవళ్ల వాటా ఎంతో విడదీయడం నా వల్ల కాదు. పాలపాకెట్ మాత్రం ఇప్పటికీ కత్తెరతోనే కోస్తాను.