నెబ్యులా ఫోటోలకు కూర్చునే ముందు

అమావాస్య దగ్గరపడుతోంది. ఓరియన్ నెబ్యులా (అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘం) కోసం టెలిస్కోపు బయటికి తీసేవారు ఇవి చూసుకోండి.

• అన్నిటికన్నా ముందు ఫోకస్. ఇది తప్పితే రాత్రంతా తీసినవి వృథా, ఏ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు. ప్రకాశవంతమైన నక్షత్రం మీద బహ్తినోవ్ మాస్క్‌తో (టెలిస్కోపు ముందు పెట్టే చీలికల మూత; నక్షత్రం మీద మూడు కాంతి గీతలు చూపిస్తుంది) సరిచూడండి. ఒకదాన్నొకటి దాటే రెండు గీతల మధ్య నడిమి గీత సరిగ్గా సగంలో నిలవాలి. చలికి గొట్టం ముడుచుకుంటుంది కనుక గంటకోసారి మళ్లీ చూడాలి. మాస్క్ తీయడం మరవకండి. నేను ఒకసారి 40 ఫోటోలు ఆ గీతలతోనే తీశాను!

• సెన్సర్ ముందరి ఫిల్టర్లన్నీ తీసేసిన కెమెరా 656 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంలో హైడ్రోజన్ వెలువరించే ఎరుపుతో పాటు కంటికి కనిపించని పరారుణ కాంతినీ పట్టుకుంటుంది. కటకాల టెలిస్కోపుకు పరారుణాన్ని ఆపే ఫిల్టర్ పెట్టకపోతే నక్షత్రాలు ఉబ్బిపోతాయి.

• ఫైళ్లు రా ఫార్మాట్‌లోనే (సెన్సర్ నుంచి వచ్చిన ముడి డేటా). జేపెగ్‌లో మసక వివరాలు పోతాయి.

• ఫ్లాట్ ఫ్రేములు (ధూళి మచ్చలు, అంచుల చీకటి సరిదిద్దడానికి సమానంగా వెలిగే తలం మీద తీసే ఫోటోలు) పూర్తయ్యేదాకా కెమెరాను తిప్పవద్దు, ఊడదీయవద్దు. కదిపితే అవి ఆ తర్వాత సరిపోలవు.

• డార్క్ ఫ్రేములు (సెన్సర్ నాయిస్‌ను, అంటే మచ్చల్లాంటి గజిబిజిని తీసివేయడానికి మూత పెట్టి తీసే ఫోటోలు) ఆ చలిలోనే, అదే ఎక్స్‌పోజర్‌తో తీయండి. వెచ్చని గదిలో సెన్సర్ నాయిస్ మారిపోతుంది.

• కటకం చుట్టూ హీటర్ పట్టీ మొదటి నుంచే వేయండి. మంచు పట్టాక కటకాన్ని తుడిస్తే పూత గీసుకుపోతుంది.

• అదనపు బ్యాటరీ జేబులో, ఒంటి వెచ్చదనానికి దగ్గరగా.