అటక సర్దే ముందు చీపురు పక్కన పెట్టండి

మే నెల చివరికి వచ్చిందంటే విజయవాడలో మా సింగ్ నగర్ ఇళ్ళల్లో ఒకటే పని. అటక మీద సామాను దింపడం, దులపడం, మళ్ళీ ఎక్కించడం. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్ళు ఇళ్ళల్లోకి వచ్చాక పనికొచ్చేవన్నీ అటకెక్కాయి. వాటి వెనకే ఎలుకలూ ఎక్కాయి. పోయినేడు మా ఇంట్లో పాత పరుపు దింపితే కింద గుప్పెడు ఎండిన పెంటికలు. మా అత్తయ్య చీపురు తీసుకుని టపటపా దులిపేసింది. ఆ దుమ్ములోనే మా చిన్నాడు నిలబడి ఉన్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు కానీ, ఇప్పటికీ తలచుకుంటే నాకు దడగానే ఉంటుంది.

భయం దేనికంటే, హంటా వైరస్‌లనే ఒక కుటుంబం ఎలుకల్లో కాపురం ఉంటుంది. ఎలుకకు జబ్బు చేయదు. దాని మూత్రంలో, పెంటికల్లో, ఉమ్మిలో మాత్రం వైరస్ బయటికి వస్తూనే ఉంటుంది. అది ఎండి దుమ్ములో కలిస్తే, పీల్చిన మనిషికి సోకవచ్చు. కొరియా యుద్ధంలో సుమారు 3,000 మంది సైనికులు జ్వరంతో, కిడ్నీలు దెబ్బతిని మంచాన పడ్డారు. దానికి కారణమైన వైరస్‌ను 1976లో లీ హో వాంగ్ అనే కొరియా శాస్త్రవేత్త పొలం ఎలుక ఊపిరితిత్తుల్లో పట్టుకున్నారు.

"ఎప్పుడూ ఉండే ఎలుకలే కదా" అని మా ఇంట్లోనూ అన్నారు. నిజమే, ఎలుకలతో మనది పాత పరిచయం. పందికొక్కు అన్న మన మాటే ఇంగ్లీషులో బ్యాండికూట్ అయింది. కానీ ఎలుక పాతదైతే దానిలోని వైరస్ కూడా పాతదే అనుకోకూడదు.

హంటా జన్యువులు ఆర్‌ఎన్‌ఏ అనే, డీఎన్‌ఏకు దగ్గరి చుట్టమైన పదార్థం మీద రాసి ఉంటాయి. మొత్తం సుమారు 12,000 అక్షరాలు. నకలు తీసేటప్పుడు పడిన తప్పును దిద్దే ఏర్పాటు దీనికి లేదు. ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లలో పది వేల నుంచి లక్ష అక్షరాలకు ఒక తప్పు పడుతుందని అంచనా. కాబట్టి ఒక ఎలుక ఒంట్లో ఉండేది ఒకే రకం వైరస్ కాదు, కొద్దికొద్ది తేడాలున్న పెద్ద గుంపు. తప్పుల్లో చాలావరకు వైరస్‌కే చేటు. పైగా సొంత ఎలుకలో అది ఏనాడో కుదురుకుంది కాబట్టి అక్కడ కొత్త మార్పులు పెద్దగా నిలబడవు. వేరే జీవి ఒంట్లోకి వెళ్ళినప్పుడు కథ మారుతుంది. అక్కడి కణాల తలుపులు వేరు, కాపలా వేరు. ఆ గుంపులో ఏ ఒక్కదానికి తాళం సరిపోయినా అదే పెరిగి మిగతావాటిని వెనక్కి నెడుతుంది. ఇంకొకటి కూడా ఉంది. ఈ జన్యువులు మూడు ముక్కలుగా ఉంటాయి. దగ్గరి చుట్టాలైన రెండు వైరస్‌లు ఒకే ఎలుకలో కలిస్తే ముక్కలు మార్చుకోగలవు.

1964లో వేలూరులోని తొట్టపాళయంలో చుంచెలుకలో ఒక వైరస్ దొరికింది. అదీ హంటాయే అని తర్వాత తేలింది. చుంచెలుక నిజానికి ఎలుక జాతే కాదు, పురుగుల్ని తినే వేరే జీవి. ఈ కుటుంబం ఎన్ని రకాల ఒళ్ళలో సర్దుకుందో దీన్నిబట్టి తెలుస్తుంది. తమిళనాడులో గోదాముల్లో పనిచేసేవాళ్ళ రక్తంలో, ఎలుకలు పట్టే ఇరుల తెగవాళ్ళ రక్తంలో హంటాకు యాంటీబాడీలు, అంటే అది ఒకప్పుడు సోకిందనడానికి గుర్తులు, కనిపించాయి. గుంటూరు మిర్చి గోదాముల్లో బస్తాలు మోసేవాళ్ళు, తెనాలి వైపు పొలాల్లో ఎలుకల బుట్టలు పెట్టేవాళ్ళు ఈ జాగ్రత్తలు మనకంటే ముందు పాటించాలి.

సాధారణంగా మనిషి దగ్గరికి వచ్చాక హంటా అక్కడే ఆగిపోతుంది, మరో మనిషికి అంటుకోదు. హంటాల్లోనే దక్షిణ అమెరికాలో ఉండే ఆండీస్ వైరస్ మాత్రం అంటుకుంటుంది. 2018-19లో అర్జెంటీనాలోని ఎపుయెన్ అనే చిన్న ఊళ్ళో అది మనిషి నుంచి మనిషికి పాకి 34 మందికి సోకింది, 11 మంది చనిపోయారు. మన అటక మీద అలాంటిది ఉందని నేను అనడం లేదు. వైరస్ మారడాన్ని మనం ఆపలేం, దుమ్ము పీల్చకుండా ఉండడం మాత్రం మన చేతుల్లో పని.

ముందు తలుపులు, కిటికీలు తెరిచి అరగంట బయటికి వచ్చేయండి. పిల్లల్ని, గర్భిణుల్ని ఆ పనికి దూరంగా ఉంచండి. రబ్బరు గ్లౌజులు, ఎన్95 మాస్కు వేసుకోండి. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే సరిపోదు. పెంటికల్ని పొడిగా ఊడవద్దు, వాక్యూమ్ క్లీనర్ పెట్టొద్దు. లీటరు నీళ్ళకు 15 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేరుకున్నాక పై నీళ్ళు స్ప్రే సీసాలో పోసి, పెంటికలు బాగా తడిసేలా కొట్టండి. అయిదు నిమిషాలు ఆగి పాత పేపరుతో ఎత్తి, కవర్లో మూట కట్టి పడేయండి. తర్వాత అదే నీళ్ళతో ఆ చోటు తుడవండి. బ్లీచింగ్‌లో బాత్రూమ్ యాసిడ్ మాత్రం కలపకండి, విషవాయువు వస్తుంది. చచ్చిన ఎలుక కనిపిస్తే దాన్నీ అలాగే తడిపి, రెండు కవర్లలో కట్టాలి. గ్లౌజులు తీసేముందు వాటినీ కడిగి, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

జిగురు అట్టలు వద్దనే నా సలహా. అంటుకున్న ఎలుక బెదిరి అక్కడే మూత్రం పోస్తుంది. వెంటనే చంపే బోను నయం. గోడలో పెన్సిల్ దూరేంత కన్నమున్నా చిట్టెలుక వస్తుంది, సిమెంటుతో పూడ్చండి.

మన దగ్గర వానల్లో ఎలుకల వల్ల వచ్చే జబ్బుల్లో ఎక్కువగా వినేది లెప్టోస్పైరోసిస్. అది బ్యాక్టీరియా వల్ల వస్తుంది, దానికి మందులున్నాయి. ఆ బ్యాక్టీరియా పుండులోంచి ఒంట్లోకి పోతుంది కాబట్టి కాలికి పుండు ఉంటే వరద నీళ్ళలో దిగకండి. హంటా అయితే వారం నుంచి ఎనిమిది వారాల్లోపు ఎప్పుడైనా బయటపడవచ్చు. అందుకే అటక సర్దిన తేదీ క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. ఆ తర్వాత రెండు నెలల్లో జ్వరం, ఒళ్ళునొప్పులు, ఆయాసం, మూత్రం తగ్గడం లాంటివి కనిపిస్తే టెన్షన్ పడి మందుల షాపు మాత్రలతో సరిపెట్టుకోకండి. డాక్టర్ దగ్గరికి వెళ్ళి, ఆయన అడగకపోయినా "ఫలానా రోజు ఎలుకల పెంటికలు శుభ్రం చేశాను" అని మీరే చెప్పండి.