రిక్వెస్టులు పంపడం నేర్చుకుందాం, 6వ పాఠం: ఒకే హెడర్ రెండుసార్లు వెళ్తే

ఐదో పాఠం చదివినవాళ్ల నుంచి వచ్చిన సందేహాల్లో ఎక్కువ భాగం ఒక్కటే: "కొత్త టోకెన్ పెట్టేమండీ, అయినా 401 వస్తోంది." టోకెన్ అంటే మనమెవరో సర్వర్‌కు చెప్పే గుర్తింపు, అది ఆథరైజేషన్ అనే హెడర్‌లో వెళ్తుంది. హెడర్ అంటే రిక్వెస్టుతో పాటు వెళ్లే పేరు, విలువ జత. 401 అంటే ఆ గుర్తింపు చెల్లలేదని సర్వర్ ఇచ్చే జవాబు. చీపురుపల్లి నుంచి, ఆమదాలవలస నుంచి, విజయనగరంలో గది తీసుకుని చదువుకుంటున్న పిల్లల నుంచి స్క్రీన్‌షాట్లు వచ్చేయి. అన్నిట్లోనూ అదే కనిపించింది: మనం రిక్వెస్టులు పంపే పోస్ట్‌మన్ యాప్ హెడర్స్ ట్యాబ్‌లో ఆథరైజేషన్ పేరుతో రెండు వరుసలు. పైన గడువు తీరిన టోకెన్, కింద కొత్తది. రెండిటికీ టిక్కు ఉంది. కుకీల పాఠం వచ్చే వారం చెప్పుకుందాం, ముందు ఇది తేలాలి.

కంట్రోల్, ఆల్ట్, సీ కలిపి నొక్కి పోస్ట్‌మన్ కన్సోల్ తెరవండి, నిజంగా ఏం వెళ్లిందో అది చూపిస్తుంది. పంపిన రిక్వెస్టును విప్పి చూడండి. రెండు ఆథరైజేషన్లూ వెళ్లేయి. హెడర్స్ ట్యాబ్‌ను చూసి ఏది వెళ్లిందో ఊహించకండి, కన్సోల్‌లోనే చూసుకోండి.

మీలో చాలామంది "కింద రాసినదే చెల్లుతుంది కదా" అని రాసేరు. ఈ నమ్మకం దగ్గరే నేను గట్టిగా ఆగాలి. వెబ్ పేజీ రూపం దిద్దే సీఎస్‌ఎస్‌లో ఒకే బలం ఉన్న రెండు నియమాల్లో కిందది గెలుస్తుంది. జావాస్క్రిప్ట్ ఆబ్జెక్టులో ఒకే కీ రెండుసార్లు రాస్తే చివరిది నిలుస్తుంది. హెడర్లకు అలాంటి నియమం ఏదీ లేదు. వచ్చిన రెండిటినీ ఏం చేయాలో అవతలి సర్వర్ తేల్చుకుంటుంది. నాలుగో పాఠంలో పొందూరు ఖద్దరు దుకాణం పేరుతో మనం నోడ్‌తో (జావాస్క్రిప్ట్‌తో సర్వర్ నడిపే సాధనం) కట్టిన సర్వర్‌నే తీసుకోండి. ఆథరైజేషన్ రెండుసార్లు వస్తే నోడ్ మొదటిదాన్ని ఉంచుకుని రెండోదాన్ని చప్పుడు చేయకుండా పారేస్తుంది. మొదటిది మీ పాత టోకెన్. అందుకే 401. కంటెంట్ టైప్, యూజర్ ఏజెంట్ హెడర్లకూ ఇదే గతి.

మనం సొంతంగా పేరు పెట్టుకున్న ఎక్స్-షాప్-కీ సంగతి వేరు. దాన్ని రెండుసార్లు పంపితే నోడ్ రెండు విలువల మధ్య కామా, ఖాళీ పెట్టి ఒకే స్ట్రింగ్ చేస్తుంది. సర్వర్‌కు "పాతకీ, కొత్తకీ" అని చేరుతుంది. అది పాతదానితోనూ సరిపోదు, కొత్తదానితోనూ సరిపోదు. కుకీ అయితే కామా బదులు సెమీకోలన్‌తో కలుస్తుంది. అంటే ఒక్క సర్వర్‌లోనే మూడు పద్ధతులు.

2022లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9110 (హెచ్‌టీటీపీ నియమాల పత్రం) పంపేవాడి బాధ్యతను స్పష్టంగా చెప్పింది: విలువలు జాబితాగా రావచ్చని నిర్వచించిన హెడర్‌ను తప్ప మరి దేన్నీ రెండుసార్లు పంపకూడదు. యాక్సెప్ట్ లాంగ్వేజ్, క్యాష్ కంట్రోల్ అలాంటి జాబితా హెడర్లు. వాటిని రెండు వరుసల్లో రాసినా, కామాతో ఒకే వరుసలో రాసినా అర్థం ఒకటే. హోస్ట్ రెండుసార్లు వస్తే మాత్రం సర్వర్ 400తో, అంటే రిక్వెస్టే తప్పుగా ఉందని, తిప్పికొట్టాలని ఆర్‌ఎఫ్‌సీ 9112 ఆదేశం.

పేర్లలో పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా లెక్కకు రాదు. ఒకటి పెద్దబడి అక్షరంతో మొదలై, ఇంకొకటి పూర్తిగా చిన్నబడిలో ఉన్నా రెండూ ఒకే హెడర్.

పోస్ట్‌మన్ తనంతట తాను చేర్చే హెడర్లతో ఈ చిక్కు రాదు. అదే పేరుతో మీరు వరుస రాస్తే మీదే వెళ్తుంది.

నా అలవాటు చెప్తాను. టోకెన్‌ను హెడర్స్ ట్యాబ్‌లో అసలు రాయను. ఆథరైజేషన్ ట్యాబ్‌లో, అదీ వేరియబుల్‌గా పెడతాను. మిగతా హెడర్లన్నీ బల్క్ ఎడిట్‌లోనే (అన్నిటినీ ఒకేచోట పాఠ్యంగా టైపు చేసే పెట్టె) రాస్తాను. వద్దనుకున్న వరుస ముందు రెండు ఏటవాలు గీతలు (//) పెడితే అది ఆగిపోతుంది, చెరిపేయక్కర్లేదు. ఒకే పేరు రెండుసార్లుంటే అక్కడ ఇట్టే కంటికి ఆనుతుంది.

ఇక సాధన. ఖద్దరు దుకాణం సర్వర్‌లో హెడర్స్‌నూ, రా హెడర్స్‌నూ రెండిటినీ ప్రింట్ చేయండి. ఆథరైజేషన్, ఎక్స్-షాప్-కీ, కుకీ, యాక్సెప్ట్ లాంగ్వేజ్ ఒక్కొక్కటీ రెండేసిసార్లు పంపండి. పంపేముందే ఫలితం ఏమొస్తుందో కాగితం మీద రాసుకోండి. తర్వాత వరుసలు తారుమారు చేసి మళ్లీ పంపండి. అదంతా కర్ల్‌తోనూ (కమాండ్ లైన్ నుంచి రిక్వెస్టులు పంపే సాధనం) చేయండి. ఆఖరున, ఆథరైజేషన్ ఒకటికి మించి వస్తే 400 ఇచ్చే ఫంక్షన్ రాయండి. హెడర్స్‌లో చూస్తే దొరకదు, రెండోది అప్పటికే పోయి ఉంటుంది. రా హెడర్స్‌లో వెతకండి. అందులో పేరు, విలువ, పేరు, విలువ అని ఒకదాని వెంట ఒకటి వస్తాయి, పేర్లు పంపినవి పంపినట్టే ఉంటాయి. కాబట్టి పోల్చేముందు వాటిని చిన్నబడిలోకి మార్చుకోండి.