సీసాలోని ఆఫ్రికా పాము ఏ జాతిదో గుర్తించడం ఎలా?

సీసా మూత తీయగానే రంగు చూసి పేరు చెప్పేసేవాళ్లను చాలామందిని చూశాను. ఏళ్ల తరబడి ఆల్కహాల్‌లో నానిన పాముకు సొంత రంగు మిగలదు. ఆకుపచ్చ పాము చర్మంలోని పసుపు కరిగిపోయి, పాము నీలంగా తేలుతుంది. ప్రాణాలు తీసే విషపాములు ఆకుపచ్చ మాంబా, బూమ్‌స్లాంగ్, ఏ హానీ చేయని ఫిలోథామ్నస్ పాము... మూడూ సీసాలో నీలమే. కాబట్టి రంగు వదిలేసి పొలుసులు పట్టుకోండి.

గ్లవ్స్, ట్రే, మొద్దు మొన ఫోర్సెప్స్, మంచి భూతద్దం, గుండుసూదులు, పెన్సిల్ ఉంటే చాలు. పామును నీళ్లతో కడిగి, తల నుంచి మలద్వారం దాకా ఒకసారి, తోక విడిగా ఒకసారి కొలవండి.

తల మీద ముందు చూడాల్సింది లోరియల్. ముక్కు పొలుసుకూ కంటి ముందరి పొలుసుకూ మధ్య ఇరుక్కుని ఉండే చిన్న పొలుసు అది. మాంబాలకూ నాగుపాములకూ ఉండదు, ఫిలోథామ్నస్‌కు ఉంటుంది. అలాగని లోరియల్ లేనిదల్లా నాగుపాము కుటుంబమేనని తేల్చేయకండి. గుడ్లు మింగి బతికే డాసిపెల్టిస్‌కూ అది లేదు.

తర్వాత నడుము దగ్గర వీపు పొలుసుల వరుసలు, ఏటవాలుగా లెక్కపెట్టాలి. నల్ల మాంబాకు ఎక్కువగా 23 లేదా 25, తూర్పు ఆఫ్రికా ఆకుపచ్చ మాంబాకు సాధారణంగా 19. బూమ్‌స్లాంగ్‌కూ 19 రావచ్చు, కానీ దాని పొలుసుల మీద గీతలా ఉబ్బు ఉంటుంది, మాంబావి నున్నగా ఉంటాయి. సరిసంఖ్య వస్తే చాలావరకు మీ లెక్కే తప్పు.

ఇక అందరూ పాడుచేసే పని: పొట్ట పొలుసులు లెక్కపెట్టడం. చిక్కంతా ఎక్కడ మొదలుపెట్టాలన్న దగ్గరే. గొంతు కింది చిన్న పొలుసులు మెల్లగా వెడల్పవుతూ పొట్ట పొలుసుల్లో కలిసిపోతాయి. 'కాస్త వెడల్పుగా కనిపించిన మొదటిది' అనుకుంటే మనిషికో లెక్క వస్తుంది. 1951లో పాముల శాస్త్రవేత్త డౌలింగ్ చెప్పిన పద్ధతి ఒక్కటే వాడండి. వీపు పొలుసుల్లో అట్టడుగు వరుస రెండు పక్కలా తాకిన మొదటి పొలుసే ఒకటో నంబరు. ఒక పక్కే తాకిందా, అది లెక్కలో లేదు.

పామును వెల్లకిలా పెట్టి, గొంతు చర్మాన్ని ఫోర్సెప్స్‌తో కొంచెం సాగదీసి, ఎడమా కుడీ రెండూ చూడండి. తడికి మెరుస్తుంటే పొలుసుల అంచులు కనబడవు, నోటితో ఊది ఆరనివ్వండి. ప్రతి పదికీ ఒక గుండుసూదిని పొలుసు అంచు కిందికి దూర్చండి. గుచ్చొద్దు, ఆ పామును వందేళ్లు దాచింది మీ సూదిపోట్లకు కాదు. మలద్వారం మీది పొలుసును లెక్కలో కలపకండి. అది ఒకటిగా ఉందో రెండుగా చీలిందో వేరే రాసుకోండి. తర్వాత తోక వైపు నుంచి మళ్లీ లెక్కపెట్టండి. రెండూ కలవకపోతే మూడోసారి. టీ తాగి రండి, కానీ సగటు తీయకండి.

ఫోటో తీసి స్క్రీన్ మీద లెక్కపెట్టొచ్చుగా అంటారు. చుట్టగా బిగుసుకున్న పాము పక్కలు ఫోటోలో ఎక్కడ పడతాయి? డీఎన్‌ఏ అంటారు ఇంకొందరు. కుళ్లకుండా ముందు ఫార్మాలిన్ రసాయనంలో పెట్టగా బిగిసిన పాత పాము నుంచి పనికొచ్చే డీఎన్‌ఏ లాగడం ఎంత తలనొప్పో చేసినవాళ్లనడగండి. మీ పొట్ట పొలుసుల లెక్కను 1893–96లో వచ్చిన బౌలెంజర్ పాముల కేటలాగ్‌తో పోల్చేటప్పుడు మాత్రం ఒకటి రెండు తేడా వస్తే కంగారు వద్దు, ఆ లెక్క డౌలింగ్‌కు ముందుది.

ఒక్క లక్షణం మీదే ఆధారపడొద్దు కూడా. 1957లో షికాగో ఫీల్డ్ మ్యూజియంలో పాముల శాస్త్రవేత్త కార్ల్ ష్మిట్ దగ్గరికి ఒక బతికున్న పిల్ల పాము వచ్చింది. అన్నీ బూమ్‌స్లాంగ్ లక్షణాలే, మలద్వారం పొలుసు మాత్రం చీలి లేదు. ఆయన సందేహంలో ఉండగానే అది కరిచింది. మర్నాడు చనిపోయారు.

చివరికి లేబుల్. ఊరి పేరు పాతదైతే ఇప్పటిది వెతకండి: లియోపోల్డ్‌విల్ అంటే కిన్షాసా, సాలిస్‌బరీ అంటే హరారే. మీరు తేల్చిన పేరు, తేదీ కొత్త చీటీ మీద పెన్సిల్‌తో రాసి సీసాలో వేయండి. పాత చీటీ తప్పని తేలినా తీసి పారేయకండి.