చేపపిల్లలు చెరువుకే, వాగుకు వద్దు

మాది దేవరకొండ వైపు చిన్న మత్స్య సొసైటీ. సీడ్ (చేపపిల్లల) బండి రాగానే ఎవరో ఒకరు "సగం చెరువులో, సగం వాగు మడుగులో వేద్దాం" అంటారు. వాగులో వేయకండి. చెరువులో బొచ్చె, రవ్వ మన పంట. వాగులోని పరక, జెల్ల, కొర్రమట్ట ఎవరూ వేయకుండానే వచ్చేవి. ఎండాకాలం మడుగు చిన్నదైతే మేత, జాగా అందరికీ చాలవు.

ముందు మత్తడి, అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు, చూడండి. మత్తడి దుంకుతుండగా వదిలితే పిల్లలు నీళ్లతో పాటే వాగులోకి పోతాయి. డబ్బులూ పోతాయి, వాగుకూ కష్టమే. దుంకుడు ఆగాకే వదలండి. ఫొటో దిగాలని తొందరపెట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, కాబట్టి ముందే ఫోన్ చేసి తేదీ మార్పించుకోండి.

బండి వచ్చాక ఒక సంచి తెల్ల బేసిన్‌లో కుమ్మరించి చూడండి. బొచ్చె పిల్లకు తల పెద్దది, నోరు పైకి తిరిగి ఉంటుంది. రవ్వ సన్నగా ఉంటుంది. వాటి మధ్య పొలుసు లేకుండా, పొడుగు మీసాలతో నల్లటి పిల్ల కనబడితే ఆఫ్రికా క్యాట్‌ఫిష్ ఏమోనని అనుమానించండి. దాని పెంపకం మన దేశంలో నిషేధం, అది దొరికిందల్లా మింగుతుంది. ఒంటి మీద పుండ్లు, చేపపేను ఉన్న సంచి వెనక్కి పంపండి. ఆ జబ్బు వాగు చేపలకూ అంటుకుంటుంది.

బంగారుతీగ (కామన్ కార్ప్) చేపపిల్లలు తక్కువ తీసుకోండి. అడుగు బురద తవ్వి నీళ్లు కలక చేస్తుంది, నాచు పెళ్లగిస్తుంది. పరకలు గుడ్లు పెట్టేది ఆ నాచులోనే. పైగా బంగారుతీగ చెరువులో తనంతట తానే పిల్లలు పెడుతుంది.

వదిలేది పొద్దున్నో సాయంత్రమో. సంచిని మూతి విప్పకుండా పావుగంట నీళ్ల మీద తేల్చి, తర్వాత చెరువు నీళ్లు కొద్దికొద్దిగా కలపాలి.

"వాగులో చేప తగ్గింది కాబట్టే కదా వేసేది" అని మా చిన్నాయన వాదన. అమెరికాలోని మోంటానాలోనూ అట్లాగే నదుల్లో ట్రౌట్ అనే చేప పిల్లలు పోసేవారు. మాడిసన్ నదిలో పోయడం ఆపి చూస్తే అక్కడే పుట్టిన ట్రౌట్ పెరిగింది. ట్రౌట్ సొంతంగా నిలిచే నదుల్లో 1974 నుంచి పోయడమే మానేశారు. మన వాగు ఎండకు తెగిపోతుంది కాబట్టి ఇక్కడ ఇంకో పని కూడా ఉంది: నీళ్లు నిలిచే మడుగు ఒక్కటైనా వల వేయకుండా వదిలేయండి. వానాకాలంలో నీటి పైన ఎర్రటి పిల్లల గుంపు కదులుతుంటే కింద కొర్రమట్ట కాపలా ఉన్నట్టే. దాన్ని పట్టకండి. పడితే ఆ గుంపును మిగతా చేపలు తినేస్తాయి.