కౌలు కార్డుకు దరఖాస్తు: ఫారం సులువే, సంతకమే కష్టం

మా ఎమ్మెల్యే గారు సార్వా (ఖరీఫ్ పంట) ముందు ఊరూరా తిరిగి, రావిచెట్టు కిందో పంచాయతీ అరుగు మీదో కూర్చుని, ప్రభుత్వంలో ఏం నడుస్తోందో చెప్తుంటారు. ధాన్యం మద్దతు ధర, కాలవల పూడిక, అన్నదాత సుఖీభవ, పంటల బీమా, అన్నీ. చెప్పడం అయ్యాక జనం చుట్టూ మూగుతారు, కాసేపటికి ఆయన పక్క ఊరికి కారెక్కుతారు, మిగిలిన జనం నా వైపు తిరుగుతారు. ఆయన ఆఫీసులో అర్జీలు తీసుకునేది నేను. వచ్చినవాళ్లలో సగం మందిది ఒకటే మాట: "కౌలు కార్డుకి పెట్టానండి, వెనక్కి ఇచ్చేశారండి." కొందరైతే అసలు పెట్టకుండానే "మాకెలాగూ ఇవ్వరు కదండీ" అని ఊరుకుంటున్నారు. రోజూ నోటితో చెప్పేదే ఒకసారి రాసేద్దామని కూర్చున్నాను.

కౌలు కార్డంటే పంట సాగుదారు హక్కు పత్రం, ఆఫీసుల్లో సీసీఆర్‌సీ అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన చట్టం కింద ఇస్తున్నారు. అంతకుముందు 2011 చట్టం కింద రుణ అర్హత కార్డులుండేవి, ఇప్పటికీ ప్లాస్టిక్ కవర్లో భద్రంగా అదే పెట్టుకుని వచ్చే పెద్దవాళ్లున్నారు, దాంతో ఇప్పుడు పని జరగదు. 2011 అంటే కోనసీమవాళ్లకి ఇంకోటి కూడా గుర్తొస్తుంది, గిట్టుబాటు కాక సార్వా వేయకుండా చేలు ఖాళీగా వదిలేసిన ఏడాది, దాని మీద ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసిన ఏడాది. అప్పుడైనా ఇప్పుడైనా పెట్టుబడి పెట్టేది కౌలు రైతు, కాగితం మీద పేరు ఆసామిది, అంటే భూమి యజమానిది. పంట రుణం, బీమా, తుపాను వస్తే నష్టపరిహారం, ధాన్యం మన పేరు మీద అమ్ముకోవడం, వీటిలో దేనికి వెళ్లినా ముందు అడిగేది ఈ కార్డే. పీఎం కిసాన్ 6 వేలు మాత్రం భూమి పేరున్న కుటుంబాలకే, కార్డున్నా కౌలుదారుకి రాదు, దానికోసం తిరగకండి.

దరఖాస్తు సంగతి చూస్తే పెద్దగా ఏమీ లేదు. గ్రామ సచివాలయంలో ఒప్పంద పత్రం ఫారం ఇస్తారు. అందులో ఆసామి పేరు, మీ పేరు, ఆధార్ నంబర్లు, ఖాతా నంబరు, సర్వే నంబరు, రీసర్వే అయిపోయిన ఊరైతే ఎల్పీ నంబరు (భూమికి ఇచ్చిన కొత్త నంబరు), ఎన్ని సెంట్లు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, కింద ఇద్దరి సంతకాలు. మీ ఆధార్, బ్యాంకు పుస్తకం జిరాక్సులు జతచేసి వీఆర్వోకి ఇస్తే, ఆయన వెబ్‌ల్యాండ్‌తో (ప్రభుత్వ భూమి రికార్డు) సరిచూసుకుని ముందుకు పంపుతారు. కార్డుకి ఫీజు ఏమీ లేదు.

మరి ఆగేది ఎక్కడ? ఆసామి సంతకం దగ్గర. ఫారం నింపడం వచ్చిన కుర్రాడు ప్రతి ఊళ్లో ఉంటాడు, ఆ ఒక్క సంతకం తెచ్చిపెట్టేవాడు మాత్రం దొరకడు.

పోయిన ఏడాది ఒకాయన వచ్చాడు, అరవై దాటాయి, మూడెకరాలు చేస్తున్నాడు, అదే చేను ఇరవై ఏళ్ల నుంచి. చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన ఫారం తీశాడు. మడతల దగ్గర చెమటకి ఇంకు అలుక్కుపోయింది. అన్నీ నింపి ఉన్నాయి, ఆసామి గడి ఖాళీ. "అడగలేకపోతున్నానండి. అడిగితే వచ్చే ఏడాది చేను ఇంకొకడికి ఇచ్చేస్తారేమోనని" అన్నాడు. నా దగ్గర దానికి సమాధానం లేదు. సంతకం పెట్టమని ఆసామిని బలవంతపెట్టే దారి ఈ చట్టంలో లేదు. ఆ షరతు తీసేయమని కౌలు రైతు సంఘాలు మొదట్నుంచీ అడుగుతున్నాయి, మా ఎమ్మెల్యే గారూ సభల్లో ఆ మాట దాటవేయరు. కానీ ఈ సార్వాకి మీకు కార్డు కావాలంటే మాత్రం సంతకం కావాలి, అంతే. కాబట్టి ఎలా అడగాలో చూద్దాం.

ఆసామి భయం ఏంటో ముందు తెలుసుకుంటే సగం పని అయినట్టే. వాళ్లు చెడ్డవాళ్లు అని కాదు, వాళ్ల నాన్నల నాటి భయం అది. 1956 కౌలుదారీ చట్టం రోజుల్లో కౌలుదారు పేరు కాగితం మీదికి ఎక్కితే చేను వదలడని, కోర్టుల చుట్టూ తిరగాలని పెద్దవాళ్లు చెప్పుకున్న కథలు ఇంకా ఇళ్లల్లో తిరుగుతున్నాయి. ఇప్పటి కార్డు అలాంటిది కాదు. గడువు 11 నెలలు. ఆ 11 నెలల్లో మీకు పంట మీద హక్కు ఉంటుంది, భూమి మీద ఏమీ ఉండదు. పట్టాదారు గడిలో పేరు మారదు. కార్డు చూపించి భూమి తాకట్టు పెట్టడం కుదరదు, బ్యాంకు అప్పు ఇచ్చినా పంటని చూసి ఇస్తుంది. ఇదంతా మీ నోటితో చెప్తే నమ్మకపోవచ్చు. "బాబుగారూ, మీరే వీఆర్వో గారికి ఫోన్ చేసి అడగండి, ఆయన కాదంటే నేను మళ్లీ మాట ఎత్తను" అని చూడండి. ఇలా అడిగి సంతకం తెచ్చుకున్నవాళ్లని నేను చూశాను.

రెండో భయం డబ్బుది. సంతకం పెడితే తన పీఎం కిసాన్ ఆగిపోతుందేమోనని. ఆగదు, అది భూమి పేరుని బట్టి వస్తుంది. మూడోది భయం కాదు, లెక్క. పంట పోతే వచ్చే పరిహారం తన ఖాతాలో పడాలని కొందరి ఆశ. దీనికి నా దగ్గర తియ్యని మాటలేం లేవు. మక్తా (ఆసామికిచ్చే కౌలు) బస్తాలు మాట్లాడుకునేటప్పుడే ఈ సంగతి కూడా తేల్చుకోండి, చేలోకి దిగాక మాట్లాడితే మీ చేతిలో ఏమీ ఉండదు.

ఆసామి ఊళ్లో లేకపోతే ఇంకో తిప్పలు. మన డెల్టాలో పొలం ఇక్కడ, పట్టాదారు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో, కొందరు ఇంకా దూరం. వాట్సాప్‌లో సంతకం ఫోటో తెప్పించుకుని ప్రింట్ తీసి అతికించిన ఫారం ఒకటి నేనే చూశాను, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అది చెల్లదు. తమ్ముడు పెట్టినా, చేను చూసుకునే గుమాస్తా పెట్టినా చెల్లదు. ఖాతాలో ఎవరి పేరుందో వాళ్లే పెట్టాలి. ఫారం కొరియర్లో పంపి తెప్పించుకోవచ్చు, ఖర్చు కాస్తంతే. నన్నడిగితే మాత్రం సంక్రాంతికి మించిన సమయం లేదు. ఎంత దూరంలో ఉన్నా ఆ మూడు రోజులు ఇంటికొస్తారు, కోడిపందేల హడావుడి తగ్గాక కనుమ నాడు సాయంత్రం వెళ్లి మాట అనిపించుకుని, జూన్‌లో ఫారం పంపితే సరిపోతుంది.

ఇంకా చిక్కైనది, పట్టాదారు చనిపోయి పిల్లలు పేరు మార్పించుకోని కేసు. మీకు చేను ఇచ్చింది పెద్దబ్బాయి, మక్తా తీసుకునేది ఆయనే, వెబ్‌ల్యాండ్‌లో మాత్రం పదేళ్ల కిందట పోయిన వాళ్ల నాన్నగారి పేరు. పెద్దబ్బాయి సంతోషంగా సంతకం పెట్టినా ఫారం వెనక్కి వస్తుంది. దీనికి వాళ్లు మ్యుటేషన్ చేయించుకోవాలి, అన్నదమ్ములకి పడకపోతే అది ఏళ్లు పడుతుంది. అందుకే ఆకుమడి దున్నకముందే మీభూమి వెబ్‌సైట్‌లో ఆ సర్వే నంబరుకి 1బి, అడంగల్ రికార్డులు చూసుకోండి. ఫోన్లో వస్తుంది, మీకు రాకపోతే ఇంట్లో పిల్లల్ని అడగండి, రెండు నిమిషాల పని.

తేదీల దగ్గర చిన్న జాగ్రత్త. జూన్ 1న మొదలుపెడితే 11 నెలలకి ఏప్రిల్ ఆఖరు, సార్వా, దాళ్వా (రబీ పంట) రెండూ అందులో పడతాయి. కిందటేడు ఒకాయన ఎవరో చెప్పారని ఏప్రిల్‌లోనే మొదలుపెట్టి రాయించుకున్నాడు. మార్చికి కార్డు అయిపోయింది, దాళ్వా చేను ఇంకా కోతకి రాలేదు. పాత కార్డు దానంతటదే కొనసాగదు, ప్రతి ఏడాది కొత్తగా సంతకం పెట్టించాల్సిందే.

ఇక మధ్యవాళ్ల గురించి. వీఆర్వో నాకు బాగా తెలుసు, ఇంత ఇస్తే ఆసామి సంతకం లేకుండానే కార్డు తెచ్చిస్తా అనేవాడు ఒకడు. నోటరీ కావాలి, స్టాంపు పేపరు కావాలి అని చెప్పి వెయ్యి గుంజేవాడు ఇంకొకడు. ఈ కార్డుకి అవేమీ అక్కర్లేదు, సచివాలయంలో ఇచ్చే ఫారం చాలు. మా గురించి కూడా చెప్పాలి. ఎమ్మెల్యే గారి లెటర్ ఉంటే కార్డు వస్తుందని బయట ఎవరో చెప్పి, ఆ లెటర్ ఇప్పిస్తానని డబ్బు తీసుకున్నాడట. అలాంటి లెటర్ లేదు. మేం ఎవరికీ రాయం, రాసినా పనికిరాదు. ఆసామి సంతకం ఉండి కూడా కార్డు రాకపోతే అప్పుడు రండి, ఫారం ఎక్కడ ఆగిందో కనుక్కుని తహసీల్దారు ఆఫీసుకి ఫోన్ చేయడం మా పని, అది ఉచితం.

కార్డు చేతికొచ్చాక హమ్మయ్య అని ఇంట్లో పెట్టేస్తారు, అసలు దెబ్బ అక్కడ తింటారు. కార్డు ఉన్నా ఈ-పంటలో, అంటే ఏ చేలో ఎవరు ఏం వేశారో రాసే ప్రభుత్వ నమోదులో, పేరు మీది కాకపోతే అది అట్టముక్కే. ఊడ్పులయ్యాక వ్యవసాయ సహాయకుడు నమోదు చేస్తాడు, ఆసామి ముందే తన పేరు చెప్పేస్తే ఆయన పేరే ఎక్కుతుంది. నాకు తెలిసిన ఒకతను ధాన్యం రైతు సేవా కేంద్రం ద్వారానే అమ్మాడు, బస్తాలు మిల్లుకి చేరాయి, డబ్బు హైదరాబాద్‌లో ఆసామి ఖాతాలో పడింది. 2025-26లో మామూలు రకం క్వింటాలు 2,369 రూపాయలు, అంటే 75 కిలోల బస్తాకి సుమారు 1,777. వంద బస్తాలకి ఎంతో మీరే లెక్కేసుకోండి. ఆసామి మంచివాడే, ఇచ్చేశాడు, కాకపోతే దాళ్వా మక్తా ముందే పట్టుకుని ఇచ్చాడు. ఇతను ఎరువులకి వడ్డీకి తెచ్చుకున్నాడు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను వచ్చి చేలు పడిపోయినప్పుడూ ఇంతే, నష్టం రాసేవాళ్లు ముందు చూసింది ఈ-పంట జాబితా. అందుకని నమోదు రోజు మీరు చేలో ఉండండి, తర్వాత వేలిముద్ర వేయండి, సచివాలయంలో జాబితా అంటించినప్పుడు వెళ్లి మీ పేరు, ఎన్ని సెంట్లో కళ్లారా చూడండి. తప్పుంటే అప్పుడే చెప్తే సరిచేస్తారు.

బ్యాంకు గురించి అడుగుతారు కాబట్టి: 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా వ్యవసాయ రుణానికి తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. కానీ అదే సర్వే నంబరు మీద ఆసామి ముందే పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకువాళ్లు మీకు ఇవ్వరు, నిజం చెప్పాలంటే చాలామంది తీసుకునే ఉంటారు. సంతకం అడిగిన రోజే ఇదీ అడిగేయండి. అప్పు ఉందంటే మాత్రం కార్డు వదులుకోకండి, పరిహారానికి, ధాన్యానికి అది కావాలి, అప్పు కోసం నలుగురైదుగురు కౌలుదారులు కలిసి గ్రూపుగా అడిగితే కొన్ని చోట్ల ఇస్తున్నారు.

ఆ మూడెకరాలాయన ఈ సంక్రాంతికి అడుగుతానన్నాడు. ఫారం మడత పెట్టొద్దని చెప్పి ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ ఇచ్చాను, ఆసామి గడి పక్కన పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టి.