బయటి ఉష్ణోగ్రతల లెక్కతో భవనం హీటింగ్‌కు ఎంత శక్తి పడుతుందో అంచనా వేయడం ఎలా?

బయట చలి పెరిగేకొద్దీ గోడలు, కిటికీలు, కప్పు ద్వారా వేడి పోతూనే ఉంటుంది. హీటర్ చేసే పనల్లా ఆ నష్టాన్ని పూడ్చడమే. ఎంత చలి, ఎన్ని రోజులు అన్న రెండింటినీ కలిపి ఒకే అంకెగా చెప్పే కొలత డిగ్రీ-డే.

1. వేడి నష్టం రేటు

ప్రతి భాగం వైశాల్యాన్ని దాని యు-విలువతో (లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరుకు ఎన్ని వాట్ల వేడి పోతుందో ఆ అంకెతో) గుణించండి. ఉదాహరణకు గోడలు 100 చదరపు మీటర్లు × 0.6 = 60. కప్పు 80 × 0.25 = 20. నేల 80 × 0.4 = 32. కిటికీలు 15 × 2.8 = 42. సందుల్లోంచి వచ్చిపోయే గాలిని మర్చిపోకూడదు: లోపలి ఘనపరిమాణం × గాలి గంటకు ఎన్నిసార్లు మారుతుందో ఆ సంఖ్య × 0.33. ఇక్కడ 200 × 0.7 × 0.33 = 46. అన్నీ కలిపితే డిగ్రీ తేడాకు 200 వాట్లు.

2. బేస్ ఉష్ణోగ్రత

బయట ఏ ఉష్ణోగ్రత కంటే తగ్గితే హీటర్ అవసరం పడుతుందో అదే బేస్. లెక్క ఎక్కువగా తప్పేది ఇక్కడే. లోపల 20 డిగ్రీలు కావాలంటే, బయట 20 కంటే తగ్గిన వెంటనే హీటర్ అవసరం పడదు. మనుషుల ఒంటి వేడి, వంట, ఫ్రిజ్, లైట్లు, కిటికీలోంచి పడే ఎండ కొంతవరకు సరిపోతాయి. ఇవన్నీ సగటున 800 వాట్లు ఇస్తుంటే 800 ÷ 200 = 4. కాబట్టి బేస్ 20 − 4 = 16 డిగ్రీలు. బ్రిటన్‌లో 15.5, అమెరికాలో 18.3 (65 ఫారన్‌హీట్) వాడుక, కానీ అవి అందరికీ కలిపి పెట్టుకున్న అంకెలు. ఇన్సులేషన్ బాగా ఉన్న భవనానికి బేస్ ఇంకా కిందికి దిగుతుంది.

3. డిగ్రీ-డేలు

ప్రతి రోజూ బేస్‌లోంచి ఆ రోజు సగటు ఉష్ణోగ్రతను తీసేయండి. సగటు 6 అయితే 10 డిగ్రీ-డేలు. సగటు 19 అయితే సున్నా, మైనస్ రాయకూడదు. తర్వాత అన్నీ కూడండి.

నెల సగటుతో పని కానిచ్చేద్దామనిపిస్తుంది. వద్దు. నెలలో 15 రోజులు 12 డిగ్రీలు, 15 రోజులు 20 డిగ్రీలు ఉంటే సగటు 16, అంటే హీటింగ్ సున్నా అని వస్తుంది. నిజానికి 15 × 4 = 60 డిగ్రీ-డేలున్నాయి. గంటగంటకూ డేటా ఉంటే ఆ తేడాలను కూడి 24తో భాగించడం ఇంకా మేలు. వాతావరణ కేంద్రం భవనం కంటే బాగా ఎత్తులోనో పల్లంలోనో ఉంటే 100 మీటర్లకు సుమారు 0.65 డిగ్రీ సవరించుకోవచ్చు.

4. శక్తి

శీతాకాలం మొత్తానికి 2,000 డిగ్రీ-డేలు అనుకుందాం. 200 × 24 × 2,000 ÷ 1,000 = 9,600 యూనిట్ల (కిలోవాట్-అవర్ల) వేడి కావాలి. బాయిలర్ సామర్థ్యం 85 శాతం అయితే 9,600 ÷ 0.85, అంటే దాదాపు 11,300 యూనిట్ల ఇంధనం. హీట్ పంప్ (బయటి వేడిని లోపలికి తోడే యంత్రం) ఉంటే మాత్రం నెలనెలకూ విడిగా లెక్కించాలి. చలి పెరిగితే దాని సామర్థ్యం పడిపోతుంది, పైగా ఎక్కువ వేడి కావలసిందీ అప్పుడే.

5. బిల్లులతో సరిచూడటం

కనీసం 12 నెలల అసలు మీటర్ రీడింగులు తీసుకోండి. అంచనాగా వేసిన రీడింగులు పనికిరావు. డిగ్రీ-డేలను క్యాలెండర్ నెలకు కాకుండా రీడింగు నుంచి రీడింగుకు కూడండి, ఆ డిగ్రీ-డేలనూ, ఆ మధ్య వాడిన ఇంధనాన్నీ రోజుల సంఖ్యతో భాగించండి. అడ్డంగా డిగ్రీ-డేలు, నిలువుగా వాడకం పెట్టి చుక్కల మధ్యగా గీత గీయండి. గీత నిలువు అక్షాన్ని తాకే చోటు వేడినీళ్లు, వంట లాంటి నిత్య వాడకం. వాలు అంటే ఒక్క డిగ్రీ-డేకు పడే ఇంధనం: మన ఉదాహరణలో 5.65 యూనిట్లు రావాలి.

చుక్కలు మొదట నేలబారుగా సాగి తర్వాత పైకి లేస్తే, లేదా గీత సున్నా కిందికి దిగితే, బేస్ ఎక్కువ పెట్టారు. డిగ్రీ-డేలు సున్నా ఉన్న చోటే వాడకం పైకీ కిందికీ చెదిరిపోతే తక్కువ పెట్టారు. అర డిగ్రీ చొప్పున జరుపుతూ చుక్కలు గీతకు బాగా దగ్గరయ్యే బేస్‌ను ఎంచుకోండి. వాలు 5.65కి చాలా పైన ఉంటే ముందుగా గాలి సందులను, బాయిలర్ సామర్థ్యాన్ని అనుమానించండి. రాత్రిళ్లు, సెలవుల్లో హీటర్ ఆపేసే భవనంలో వాలు లెక్కకంటే తక్కువ రావడం మామూలే.